‘నాకు రాదు’ అన్న మాట ఎవరిది?

మన సంస్థలు నడిపే ఏ శిక్షణా తరగతి కార్యక్రమ పత్రం తీసుకున్నా మొదటి రోజు ఉదయం ఒకే అంశం ఉంటోంది: ‘ఆత్మవిశ్వాసం పెంపొందించుకోవడం’. నేర్పబోయేది కుట్టుపని కావచ్చు, పచ్చళ్ళ తయారీ కావచ్చు, పంచాయతీ చట్టం కావచ్చు. ముందుగా స్త్రీలను గుండ్రంగా కూర్చోబెట్టి ‘నేను చేయగలను’ అని అనిపించడం, చప్పట్లు కొట్టించడం, తమలోని బలహీనతలను చీటీల మీద రాయించి ఆ చీటీలను చింపించడం తప్పనిసరి అయిపోయింది. చదువు రాని ఆమె చీటీ మీద ఏం రాస్తుందని ఎవరూ అడగరు.

సికిందరాబాదులో రైల్వే క్వార్టర్లకు దగ్గరలో ఉన్న ఒక బస్తీలో, పాత చీరలతో బొంతలు కుట్టడం నేర్పే తరగతికి ఒక చలికాలం పొడుగునా వెళ్ళి కూర్చున్నాను. నా అభ్యంతరం అక్కడ గట్టిపడింది. కొత్తగా సూది పట్టిన స్త్రీకి తన మీద తనకు కలిగే అపనమ్మకం ఆమె స్వభావంలో పుట్టినది కాదు. బయట తయారై ఆమె మీదికి వచ్చినది. దాన్ని ఆమె లోపంగా చూపించి, ఆ లోపాన్ని మేము సరిదిద్దుతామని ముందుకొచ్చే శిక్షణ కూడా ఆ తయారీలో ఒక భాగమేనని నా వాదన. దీనితో విభేదించే మిత్రులు చాలామంది ఉన్నారని తెలుసు.

పెద్ద దుకాణాల్లో ఇప్పుడు ‘క్విల్ట్’ అని పేరుపెట్టి అమ్ముతున్న దానికి మన బొంత దగ్గరి చుట్టమే. పాత చీరలు, పంచెలు, చిరిగిన లంగాలు పొరలు పొరలుగా పరిచి, పైనా కిందా కాస్త గట్టి గుడ్డ పెట్టి, సూది పైకీ కిందికీ పోనిస్తూ వరసలుగా కుట్టుకుంటూ పోతారు. బెంగాల్‌లో కాంథా, బీహార్‌లో సుజని, మహారాష్ట్రలో గోధడీ, ఉత్తర కర్ణాటకలో కౌదీ, అన్నిటి సూత్రం ఇదే. పసిబిడ్డ కింద పరిచేదీ, చలికాలంలో ముసలివాళ్ళ మీద కప్పేదీ ఇదే. దీన్ని నేర్పే బడి అంటూ ఉండేది కాదు. తల్లి కుడుతుంటే పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కించి ఇచ్చే పిల్ల, ఒకనాడు ఒక మూలనుంచి తనూ కుట్టడం మొదలుపెట్టేది.

మా తరగతిలో చాలామందికి ఆ అవకాశం దొరకలేదు. పల్లె విడిచి నగరానికి వచ్చిన రెండో తరం వాళ్ళు. మొదటి వారంలో దాదాపు అందరి నోటా ఒకే మాట: ‘నా కుట్టు వంకర పోతది మేడం, నాకు రాదు.’

వంకర పోయిన మాట నిజం. ఎందుకు పోయిందన్నది ప్రశ్న. వాళ్ళు ఇళ్ళనుంచి తెచ్చిన చీరల్లో చాలాభాగం పాలియెస్టరువి. ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు చీర మీద ఇంకో నూలు చీర పరిస్తే అవి ఒకదాన్నొకటి పట్టుకుని కదలవు; సూది వెన్నలోకి దిగినట్టు దిగుతుంది. సింథటిక్ చీర జారుతుంది. పై పొర ఒక పక్కకు, కింది పొర ఒక పక్కకు జరిగి, వరస చివరికి వచ్చేసరికి ముడత పడుతుంది. లావు సూది గుచ్చితే పోగు లాక్కుపోయి గీత పడుతుంది. అటువంటి గుడ్డ మీద చెయ్యి తిరిగినవాళ్ళకే కష్టం. 1985 నాటి జౌళి విధానం కృత్రిమ పోగును ప్రోత్సహించిన తర్వాత చవక సింథటిక్ చీర పేద ఇళ్ళలో నూలు చీర చోటును ఆక్రమించింది. చేనేత మగ్గం ఆగిపోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటని మనం ఎన్నో సభల్లో మాట్లాడాం. అదే కారణం ఈ అమ్మాయి బొంతలో ముడతగా తేలిందని మాత్రం మనకు తోచదు. ఆమెకూ తోచదు. ‘నా చెయ్యే మంచిది కాదు’ అంటుంది. మనం ఆమెచేత ‘నేను చేయగలను’ అనిపిస్తాం.

ఇక అసలు సంగతి. తరగతి గోడకు ఒక నమూనా బొంత వేలాడదీశారు. ఆర్డరిచ్చిన వ్యాపారి పంపినది. అంగుళానికి ఇన్ని కుట్లు, వరసకూ వరసకూ మధ్య ఇంత ఎడం అని లెక్క. తేడా వస్తే సరుకు వాపసు, వాపసొస్తే కూలిలో కోత. నేర్పడానికి బస్తీలో అందరూ అవ్వ అని పిలిచే ఒక పెద్దామెను పిలిచారు. పెళ్ళయిన నాటినుంచీ, అంటే నలభై ఏళ్ళ పైచిలుకు, బొంతలు కుడుతున్న మనిషి. ఆమె పని చూడవలసిందే. గుడ్డలు నేల మీద పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, నడుమనుంచి బయటికి అరచేత్తో సాపు చేసుకుంటూ పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేస్తుంది. ముడత ఎక్కడ పడబోతోందో ఆమె వేళ్ళకే తెలుస్తుంది. ఆ తర్వాత అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి వస్తుంది. కచ్చా కుట్లు చివర్లో లాగేస్తుంది. మొదటి రెండు రోజులు ఆమె మాటే మాట. ఒకమ్మాయి తన వంకర వరస చూపించి కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, ‘వంకరైతే ఏమైతదే? పండుకునేటోళ్ళకు కుట్టు కనబడ్తదా? దారం తెగకుంటె సాలు’ అంది. అందరూ నవ్వారు, ఆ పిల్ల కూడా. నవ్వి మళ్ళీ సూది పట్టింది.

మూడో రోజు పర్యవేక్షకురాలు వచ్చి స్కేలు పెట్టి కొలిచింది. అవ్వ కుట్లు నమూనాకు సరిపోలేదు. కొన్ని పెద్దవి, కొన్ని చిన్నవి. విప్పి కుట్టమంది. మర్యాదగానే చెప్పింది, ఆమె ఉద్యోగం అది. మర్నాడూ అదే, ఆ మర్నాడూ అదే. వారం తిరిగేలోగా అవ్వ నోట ‘నాకు గీ కుట్టు రాదు బిడ్డా’ అన్న మాట విన్నాను. నలభై ఏళ్ళ అనుభవాన్ని ‘నాకు రాదు’గా మార్చడానికి వారం రోజులూ ఒక స్కేలూ సరిపోయాయి. దీనికి మా సమాజశాస్త్రంలో పొడుగాటి పేర్లున్నాయి. అవి ఇక్కడ అనవసరం. అవ్వకు పుట్టుకతో ఆత్మవిశ్వాసం లేదని ఎవరైనా అనగలరా? ఆమెకు మొదటి రోజు ఉదయం చప్పట్ల కార్యక్రమం జరిపి ఉంటే ఈ మాట ఆమె నోట రాకుండా ఆగేదా?

ఆ స్కేలు ఆ గదిలో పుట్టినది కాదు. జాతీయ నమూనా సర్వేలో ఉపాధి వివరాలు సేకరించేటప్పుడు ప్రతి మనిషికీ ఒక కోడ్ వేస్తారు. ఇంటిపని మాత్రమే చేసే స్త్రీకి 92. ఇంటిపనితో పాటు కట్టెలు, కూరాకు, పశువుల మేత ఏరి తెచ్చుకుంటూ, ఇంటి అవసరానికి కుట్టడం, నేయడం వంటివి చేసే స్త్రీకి 93. ఈ రెండు కోడ్‌లూ శ్రామికశక్తికి బయటివే. అంటే ఇంట్లో బొంత కుట్టే స్త్రీ ఉన్నదని ప్రభుత్వానికి తెలుసు. ఆమె చేస్తున్న పని పేరు కూడా తెలుసు. అందుకొక అంకె కేటాయించింది. ఆ అంకెకు అర్థం ఆమె పనిలో లేదని! 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. దర్జీ ఉన్నాడు, చేపల వల అల్లేవాళ్ళున్నారు, పూలదండలు కట్టేవాళ్ళున్నారు. సంతోషమే. బొంత కుట్టడం ఆ పట్టికలో ఒక వృత్తిగా లేదు. ఇంటినుంచి పనిచేసే కార్మికుల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడికను ఆమోదించింది. దాన్ని భారత ప్రభుత్వం ఇంతవరకూ ధ్రువీకరించలేదు.

గోదావరి తీరాన నర్సాపురంలో లేసు అల్లే స్త్రీల మీద మరియా మీస్ రాసిన పుస్తకం 1982లో వచ్చింది. మనలో చాలామంది చదివినదే. విదేశీ మార్కెట్‌కు సరుకు తయారుచేసి ఇస్తున్న ఆ స్త్రీలను వ్యాపారులు ‘తీరిక వేళల్లో అల్లుకునే గృహిణులు’గానే చూడడం, స్త్రీలూ తమను గృహిణులుగానే చెప్పుకోవడం ఆమె చూపించారు. చేస్తున్నది పనే కాదని నమ్మించబడిన మనిషికి ఆ పనిలో తను సమర్థురాలినన్న నమ్మకం ఎక్కడినుంచి వస్తుంది?

ఆ ‘తీరిక వేళ’ సంగతి కూడా చూద్దాం. 2019 జాతీయ కాలవినియోగ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపని చేసేవారిలో స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు దానిమీద గడిపేవారు. కొత్త చేతిపని పట్టుబడాలంటే ఒక వరస మొదలుపెట్టి మధ్యలో లేవకుండా పూర్తిచేసే అవకాశం కావాలి. మా తరగతిలో నీళ్ళు వచ్చాయంటే సగంమంది సూది గుడ్డకు గుచ్చి పరుగెత్తేవారు. తిరిగి వచ్చేసరికి పొరలు జరిగిపోయి ఉండేవి. ఇదే సికిందరాబాదులో ఫీజు కట్టి సరదాగా ప్యాచ్‌వర్క్ నేర్చుకునే మధ్యతరగతి స్త్రీలను కూడా నేనెరుగుదును. వాళ్ళ చేతులూ మొదట్లో వణుకుతాయి, వాళ్ళ మూలలూ కలవవు. కానీ చెడిన ముక్కను పక్కన పడేసి కొత్త ముక్క తీసుకునే హక్కును వాళ్ళు ఫీజుతో పాటు కొనుక్కున్నారు. నాలుగు నెలల తర్వాత వాళ్ళకు ‘ఆత్మవిశ్వాసం వచ్చింది’ అంటాం. బస్తీ అమ్మాయికి మొదటి తప్పుకే కూలి తెగుతుంది. ఆమెకు ‘ఇంకా రాలేదు’ అంటాం.

1978లో పాలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలో చదువుల్లో, ఉద్యోగాల్లో పైకి వచ్చిన స్త్రీలను పరిశీలించి, వాళ్ళు తమ విజయాలకు తాము అర్హులం కామని లోలోపల భయపడుతుంటారని రాశారు. మంచి పరిశీలనే. అయితే అక్కడినుంచి ఆ భావన ప్రయాణించిన దారి చూడండి. ఉద్యోగ సంస్థల శిక్షణల్లోకి, అక్కడినుంచి నిధులిచ్చే సంస్థల నివేదికల్లోకి, అక్కడినుంచి మన బస్తీ తరగతుల్లోకి దిగేసరికి అది స్త్రీలకు సహజంగా ఉండే జబ్బుగా, రెండు గంటల్లో కుదిరే జబ్బుగా మారిపోయింది.

‘కానీ భయం ఉన్నమాట వాస్తవమే కదా, మా కళ్ళతో చూస్తున్నాం’ అంటారు మిత్రులు. నేనూ చూశాను. అది ఎలా పోయిందో కూడా చూశాను. ఆ ఆర్డరు మధ్యలో కొద్ది రోజులు పని ఆగింది. గుడ్డ రాలేదు. ఖాళీగా కూర్చోలేక కొంతమంది తమ ఇళ్ళకోసం బొంతలు మొదలుపెట్టారు. పర్యవేక్షకురాలు రావడం లేదు, నమూనా ఎవరూ చూడడం లేదు. ఒక బొంతకు ఇద్దరేసి, ముగ్గురేసి చుట్టూ కూర్చున్నారు. ఒకామె జారిపోయే సింథటిక్ చీరను రెండు నూలు గుడ్డల మధ్య పెట్టి కుడితే కదలడం లేదని కనిపెట్టింది. సాయంత్రానికి అందరూ అదే పద్ధతి. వంకరపోతే విప్పడమా, వదిలెయ్యడమా అని వాళ్ళలో వాళ్ళు వాదించుకుని నిర్ణయించుకున్నారు. విప్పడానికి సిగ్గుపడనవసరం లేదని కచ్చా కుట్టు లాగేసేటప్పుడే తెలిసిపోతుంది, అది విప్పడానికి వేసే కుట్టే కదా. ఆ పదిరోజుల్లో ‘నాకు రాదు’ అన్న మాట నాకు వినపడలేదు. ‘నీది నాకంటె దగ్గర దగ్గర పడ్డయ్’ అన్న మాట వినపడింది. ఆర్డరు గుడ్డ వచ్చిన మర్నాడు పాత మాట మళ్ళీ మొదలైంది.

ఇంతమాత్రాన పాత బొంతను నెత్తిన పెట్టుకోమని నేననడం లేదు. బొంత దరిద్రంలోంచి పుట్టింది. దుప్పటి కొనలేని ఇంట్లో, పగలంతా కూలిచేసి వచ్చిన ఆడది రాత్రి దీపం ముందు కళ్ళు పొడుచుకుని కుట్టినది. ఊరూరా తిరిగి పైవాళ్ళ ఇళ్ళ అరుగుల కింద కూర్చుని గింజలకు బొంతలు కుట్టిపెట్టిన సంచార కులాల స్త్రీలకు ఆ పని కళ అని ఎవరూ చెప్పలేదు, అరుగెక్కనివ్వలేదు. ఇప్పుడు దాన్ని ‘అమ్మమ్మల వారసత్వం’ అని కాగితం చుట్టి అమ్మేవాళ్ళ భాష మనకు అక్కర్లేదు.

మార్కెట్‌కు పోనేకూడదని కూడా కాదు. అమెరికాలో అలబామా రాష్ట్రం విల్కాక్స్ కౌంటీలో నల్లజాతి స్త్రీలు పౌరహక్కుల ఉద్యమం వేడిలో 1966లో ‘ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ’ అనే సహకార సంఘం పెట్టుకున్నారు. ఓటు నమోదు కోసం వెళ్ళినందుకు భూస్వాములు ఇళ్ళు ఖాళీ చేయించిన ప్రాంతం అది. సంఘం వాళ్ళకు సొంత సంపాదన ఇచ్చింది. కానీ 1972 నుంచి సియర్స్ కంపెనీకి దిండు గలీబులు కుట్టిన పనిలో, దుకాణాలకు పోయే బొంతల్లో, నమూనా ప్రకారం అన్నీ ఒకేలా రావాలి. ఆ దిండ్లకు కత్తిరించగా మిగిలిన కార్డురాయ్ ముక్కలు ఇళ్ళకు చేరాయి. ఆ ముక్కలతో గీస్ బెండ్ ఊరి స్త్రీలు తమ ఇష్టం వచ్చినట్టు, కొలత లేకుండా కుట్టుకున్న బొంతలు ఉన్నాయి చూశారూ, 2002లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం గోడలకెక్కిన వాటిలో అవీ ఉన్నాయి. ఆ తర్వాత 2007లో తమకు న్యాయమైన వాటా రాలేదని వాళ్ళలో కొందరు కోర్టుకెళ్ళవలసి వచ్చిందనుకోండి, అది వేరే కథ. ఏది ‘మంచి కుట్టు’ అన్నది ఎవరు తేలుస్తున్నారన్న దాన్నిబట్టి అవే చేతులు ఒకచోట కూలి చేతులు, ఇంకోచోట కళాకారుల చేతులు అయ్యాయి.

వచ్చే సంవత్సరం ప్రతిపాదనలు రాసే పనిలో ఇప్పుడు చాలా సంస్థలు ఉండి ఉంటాయి. ‘ఆత్మవిశ్వాస శిక్షణ’ అన్న పద్దు కొట్టేసి అక్కడ ‘నేర్చుకునే రోజుల కూలి’ అని రాయండి. శిక్షణ సామగ్రి కింద పాత నూలు గుడ్డకు డబ్బు అడగండి. మొదటి బొంత ఎవరిది వారి ఇంటికే అని షరతు పెట్టండి. వాపసొచ్చిన సరుకుకు కోత వెయ్యాలా వద్దా అన్నది తేల్చే చోట కుట్టినవాళ్ళు కనీసం ఇద్దరు కూర్చోవాలని ఒప్పందంలో రాయించండి. నేర్పడానికి వచ్చిన పెద్దవాళ్ళకు శిక్షకుల వేతనం పూర్తిగా ఇవ్వండి, గౌరవ వేతనమని పేరుపెట్టి సగం కాదు. నిధులిచ్చేవాళ్ళు వీటిలో దేన్ని కొట్టేశారో, ఏ కారణం చెప్పారో ఈ పత్రికకు రాసి పంపితే వచ్చే సంచికలో అచ్చువేద్దాం.