పట్టా ఉన్నవారికే సాయం.. సాగుచేసిన వారికి మొండిచెయ్యి

* కరోనా కాలంలో కౌలు రైతుకు అందని పెట్టుబడి
* పథకం పేరు మారినా తీరని సమస్య

కంచన్‌బాగ్: క్షిపణి ప్రయోగశాలలకు, మిధాని కర్మాగారానికి నెలవైన కంచన్‌బాగ్‌లో నేడు పంట పొలాల జాడ లేదు. అయినా పల్లెలో భూమి, చేతిలో పట్టాదారు పాసుపుస్తకం ఉంటే చాలు, నగరంలోని ఏ వీధిలో నివసించే వారికైనా రైతుబంధు సొమ్ము ఖాతాలో జమయింది. అదే భూమిని కౌలుకు తీసుకుని దుక్కి దున్నిన వారికి మాత్రం పైసా చేరలేదు. 2020 నాటి కరోనా లాక్‌డౌన్ ఈ వ్యత్యాసాన్ని కళ్లకు కట్టింది.

ఆ ఏడాది రైతులకు అందిన నగదులో అధికభాగం పాత పథకాలదే. 2020 మార్చి 26న కేంద్రం ప్రకటించిన ప్యాకేజీలో భాగంగా 8.7 కోట్ల మంది రైతులకు ఏప్రిల్‌లోనే రూ.2 వేల చొప్పున ఇస్తామన్నారు. అది పీఎం కిసాన్ కింద ఏటా ఇచ్చే రూ.6 వేలలో ఒక వాయిదాయే తప్ప అదనపు సాయం కాదు. రాష్ట్రంలో రైతుబంధుకు 2020-21 బడ్జెట్‌లో రూ.14 వేల కోట్లు కేటాయించి, జూన్‌లో ఎకరాకు రూ.5 వేల చొప్పున జమ చేశారు. ఆదాయపు పన్ను చెల్లించేవారిని పీఎం కిసాన్ మినహాయించగా, రైతుబంధుకు అటువంటి నిబంధన గానీ, భూ పరిమితి గానీ లేకపోవడం గమనార్హం.

ఫలితంగా పదెకరాల యజమానికి ఒక్క పంటకాలానికే రూ.50 వేలు అందాయి. ఆ పదెకరాలను సాగుచేసిన కౌలుదారుకు తెల్లరేషన్ కార్డు ఉంటే దక్కింది మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి రూ.1,500 మాత్రమే. విత్తనం, ఎరువు, కూలీల ఖర్చుతో పాటు కౌలు మొత్తమూ ఆయన మీదే పడింది. పట్టాదారులకు వర్తించే రూ.5 లక్షల రైతుబీమా సైతం ఆ కుటుంబానికి వర్తించలేదు.

కౌలు అనేది యజమానికి, కౌలుదారుకు మధ్య వ్యవహారమని, అందులో జోక్యం చేసుకోబోమని అప్పటి రాష్ట్ర ప్రభుత్వం వాదించింది. అయితే కౌలుదారుకు గుర్తింపు కొత్త మాటేమీ కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2011లోనే చట్టం చేసి రుణ అర్హత కార్డులు ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్ 2019లో సాగుదారుల హక్కు పత్రాలు తెచ్చి, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులకు ఏటా రూ.13,500 వర్తింపజేసింది. అక్కడా యజమాని సంతకం తప్పనిసరి కావడంతో ఎందరికో పత్రం దక్కలేదు. హక్కు పోతుందన్న భయంతో సంతకానికి యజమానులు వెనుకాడడమే ఇందుకు కారణం.

తెలంగాణలో రైతుబంధు స్థానంలో రైతుభరోసా 2025 జనవరి 26న ప్రారంభమయింది. ఎకరాకు ఏడాదికి రూ.12 వేలుగా నిర్ణయించి, సాగుకు పనికిరాని భూములను తప్పించారు. ఉపాధి హామీలో 20 రోజులు పనిచేసిన భూమిలేని కూలీ కుటుంబాలకూ సాయం ప్రకటించారు. ఇవి ఆహ్వానించదగినవే. అయినా కౌలుదారులకూ ఇస్తామన్న 2023 ఎన్నికల హామీ నెరవేరకుండానే ఈ పథకం పట్టాదారులతో మొదలయింది.

యజమాని పట్టాకు భంగం కలగదన్న చట్టబద్ధ భరోసా, గ్రామసభ సాక్షిగా ఏటా సాగుదారుల నమోదు.. ఈ రెండూ జరగనిదే సాయం చేలోకి చేరదు. ఇలాంటి జాబితా లేకుంటే మరో విపత్తు వచ్చినప్పుడు కూడా సొమ్ము పట్టణానికి, నష్టం పల్లెకు చేరక తప్పదు.