అవగాహన సదస్సులు ఇక చాలు

ఊళ్లో ఏ చెడు కనిపించినా అధికారులు, పత్రికలు, స్వచ్ఛంద సంస్థలు చెప్పే కారణం ఒకటే: జనానికి అవగాహన లేదు. పదిహేనేళ్ల పిల్లకు పెళ్లి చేస్తే అవగాహన లేకే. ప్రభుత్వం కట్టించిన మరుగుదొడ్డిలో కట్టెలు, పిడకలు పెట్టుకుంటే అవగాహన లేకే. పురుగుమందు మోతాదు మించినా, మొగుడు తాగొచ్చి పెళ్లాన్ని కొట్టినా అదే మాట. కారణం అదని తేల్చుకున్నాక చేయాల్సింది కూడా ఒకటే మిగులుతుంది, అవగాహన సదస్సు. షామియానా వేస్తారు. ఫ్లెక్సీ కడతారు. పొదుపు సంఘం ఆడవాళ్లను యానిమేటరు చేత పిలిపిస్తారు. వేదిక మీదివాళ్లు ఒకరి తర్వాత ఒకరు మైకు అందుకుంటారు, కిందివాళ్లు కూలి పోగొట్టుకుని వింటారు. ప్రశ్నలుంటే అడగమనేసరికి పొద్దుపోతుంది.

ఈ ఆలోచన తప్పు. అంతకంటే, అది ఆ మనుషులకు అవమానం. ఇరవై ఏళ్లు దెబ్బలు తిన్న మనిషికి తాగుడు చెడ్డదని చెప్పడానికి జిల్లా కేంద్రం నుంచి ఒకరు దిగిరావాలా? కూతుర్ని చదువు మాన్పించి పెళ్లి చేసిన తల్లి తనకు అదే వయసులో ఏం జరిగిందో మరిచిపోయిందా? ఊరికి తన కష్టం గురించి తెలియనిది చాలా తక్కువ. కానీ ఒక్కొక్కరికీ విడిగా తెలిసినదాన్ని నలుగురిలో పైకి అనుకునే చోటు లేదు. పక్కింటామె కూడా తనలాగే విసిగిపోయి ఉందని, తాను గడప దాటితే ఆమె కూడా వెంట వస్తుందని తెలియదు. ఆ సంగతి ఏ వక్తా చెప్పలేడు. ఆ ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుంటేనే బయటపడుతుంది.

దీనికి సాక్ష్యం నెల్లూరు జిల్లాలోనే ఉంది. 1991లో అక్కడ సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలై, ఊరూరా రాత్రి బడులు నడిచాయి. పగలంతా పొలంలో వంగి పనిచేసి, ఇంటికొచ్చి వండి వార్చి, పిల్లల్ని పడుకోబెట్టి ఆడవాళ్లు పలక పట్టుకుని వచ్చేవారు. వాచకంలో తాగుడు వల్ల చితికిన సంసారం గురించి ‘సీతమ్మ కథ’ అని ఓ పాఠం ఉండేది. ఆ పాఠంలో వాళ్లకు తెలియని విషయం ఏముంది? ఏమీ లేదు. అది వాళ్ల ఇంటి సంగతే. కానీ ఆ చదువు పద్ధతి వేరు. ముందు బొమ్మ చూపిస్తారు, దాని గురించి మాట్లాడిస్తారు, ఆ తర్వాతే అక్షరాలు దిద్దిస్తారు. బ్రెజిల్ విద్యావేత్త పాలో ఫ్రెయిరీ పాఠాలు దేశదేశాల వయోజన విద్యలోకి తెచ్చిన పద్ధతి అది. చదువు చెప్పేది ఆ ఊరి వలంటీరే, వాళ్ల మీద ఏ అధికారమూ లేని మనిషి. సీతమ్మ గురించి మొదలైన మాట ఆ చాప మీద కూర్చున్నవాళ్ల దగ్గరికే వచ్చింది. వారమంతా కష్టం చేస్తే ఇంటికి చేరేదెంత, సారా దుకాణానికి పోయేదెంత అన్న లెక్క వచ్చింది. మన ఊళ్లో ఈ దుకాణం ఎందుకుండాలి అన్న ప్రశ్న వచ్చింది. కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్లు ఆ ప్రశ్నకు జవాబుగా దుకాణం మూయించారు. ఆ ఊరి రోసమ్మ పేరు రాష్ట్రమంతా మారుమోగింది.

వాళ్లు ఎదిరించింది ఒక దుకాణదారుణ్ణి కాదు. సారాను పొట్లాల్లో నింపి ఊరూరికీ చేరవేసే ‘వారుణి వాహిని’ సాక్షాత్తూ ప్రభుత్వ పథకం. 1991-92లో రాష్ట్రానికి ఎక్సైజు రాబడి 800 కోట్ల రూపాయలు దాటింది. వెనకాల కాంట్రాక్టర్లు, వాళ్ల వెనకాల నాయకులు. అంత బలం ఉన్నచోట 1992లో సారా వేలంపాటలు మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలోనూ, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. మద్యం మీద అంతకుముందు కూడా ఉపన్యాసాలు జరిగాయి. ఏ ఉపన్యాసమూ ఒక్క దుకాణాన్ని మూయించలేదు.

అక్షరాస్యత కూడా ప్రభుత్వ కార్యక్రమమే కదా, పాఠం పైనుంచి వచ్చిందే కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. చాప ఎవరో ఒకరు పరవాలి, దీపం ఎవరో ఒకరు పెట్టాలి. అయితే ఆ పరిచినవాళ్లు మాట ఎక్కడ ముగియాలో ముందే రాసిపెట్టుకోలేదు. సదస్సులో అదే జరగదు. అక్కడ ముగింపు ఫ్లెక్సీ మీద ముందే అచ్చయి ఉంటుంది.

ఇంకో సంగతి ఎవరూ పట్టించుకోరు. సదస్సులో కూర్చున్నవాళ్ల ముఖాలన్నీ వేదిక వైపే ఉంటాయి. ఒకరి ముఖం ఒకరికి కనబడదు. 1997లో మొదలైన జన్మభూమి సభలు కానీ, ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వాలు రకరకాల పేర్లతో పెట్టిన సభలు కానీ ఈ కొలతలో సదస్సుకు భిన్నమైనవి కావు. జనం వచ్చారు, వరుసలో నిలబడ్డారు, అర్జీలిచ్చారు. రేషన్ కార్డు కావాలన్న మనిషికీ పింఛను కావాలన్న మనిషికీ మధ్య ఒక్క మాట నడవలేదు. ఇద్దరూ ఆఫీసరు వైపే తిరిగి ఉన్నారు. 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకు ఇచ్చిన స్థానం అర్జీలు పోగుచేయడానికి కాదు. లబ్ధిదారుల జాబితా చదివి సంతకాలు తీసుకోవడంతో ముగిసే గ్రామసభను గ్రామసభ అనడానికి నాకు మనసొప్పదు.

నిజమైన గ్రామసభ ఎలా ఉంటుందో ఒడిశాలో నియమగిరి కొండల మీది డోంగ్రియా కోందులు చూపించారు. వేదాంత కంపెనీ కోసం అక్కడ బాక్సైట్ తవ్వాలా వద్దా అన్నది గ్రామసభలే చెప్పాలని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. జూలై, ఆగస్టుల్లో 12 ఊళ్లలో సభలు జరిగాయి. జిల్లా జడ్జి పరిశీలకుడిగా కూర్చున్నారు. 12 ఊళ్లూ వద్దన్నాయి. మరుసటి ఏడాది జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి నిరాకరించింది. గనుల వల్ల వచ్చే ఉద్యోగాల గురించి వాళ్లకు అవగాహన లేదని వాదించినవాళ్లు అప్పుడూ ఉన్నారు. వాళ్లకు అన్నీ తెలుసు. ఆ కొండ ఏమిటో కూడా తెలుసు. తేల్చే అధికారం చేతికొచ్చింది కాబట్టి తెలిసినది పైకి చెప్పారు.

నా వాదానికి గట్టి అభ్యంతరం వేరే ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోను. మన ఊళ్లలో మాట్లాడుకోవడం ఎప్పుడూ ఉన్నదే. రచ్చబండ దగ్గర పెద్దమనుషులు మాట్లాడుకుని దళితుల్ని వెలివేశారు, ఆడపిల్లల బతుకుల మీద తీర్పులు చెప్పారు. నిజామాబాద్ ప్రాంతంలో గ్రామాభివృద్ధి కమిటీలు కుటుంబాలను సాంఘికంగా బహిష్కరించిన ఉదంతాలు మళ్లీ మళ్లీ వార్తలకెక్కాయి. ఆ కమిటీలు కూడా కూర్చుని మాట్లాడుకునే ఆ పని చేశాయి. అందుకే ఎవరు కూర్చున్నారు, ఏ వేళప్పుడు కూర్చున్నారు, ఎవరి అరుగు మీద కూర్చున్నారు అన్నవి చిన్న విషయాలు కావు. అందరి కోసం అని పిలిచిన సభలో మొదట నోరు విప్పేది భూమి ఉన్నవాడే. నెల్లూరు రాత్రి బడి పనిచేసిందంటే, అక్కడ ఆ ఊరి పెద్దమనిషి లేడు. కూలి చేసుకునే ఆడవాళ్లకు తీరిక దొరికే వేళకే బడి పెట్టారు. బలహీనులు ముందు తమలో తాము మాట్లాడుకుని గొంతు తెచ్చుకోవాలి, ఆ తర్వాతే ఊరందరి సభ.

1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలిపోయింది కదా, మాటలు ఏం నిలబెట్టాయి అన్నది రెండో అభ్యంతరం. నిషేధం సంతకాల విషయమైపోయాక మాట ఊరు దాటి సచివాలయానికి వెళ్లిపోయింది. ఎవరు పెడతారు, ఎవరు ఎత్తేస్తారు అన్నది పార్టీల లెక్కగా మారింది. ఆడవాళ్లు మళ్లీ శ్రోతలయ్యారు. ఎత్తేసే ముందు ఏ రాత్రి బడినీ ఎవరూ అడగలేదు. మాట ఆగిపోయినచోట ఓటమి వచ్చింది, మాట వల్ల కాదు.

సారా ఉద్యమం వెన్నంటే నెల్లూరులో రోజుకో రూపాయి చొప్పున పొదుపు మొదలైంది. ఇవాళ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మహిళా పొదుపు సంఘాలు లేని ఊరు దాదాపు లేదు. ఇంతమంది ఆడవాళ్లు క్రమం తప్పకుండా ఒకచోట కూర్చునే ఏర్పాటు మన చరిత్రలో ఎన్నడూ లేదు. కానీ ఆ మీటింగుల్లో జరిగేదేమిటి? కిస్తీ కట్టిందెవరు, బాకీ పడిందెవరు, రిజిస్టర్లో సంతకం. మంత్రి వస్తే సభ నింపడానికి ఆ సంఘాలకే కబురు. సదస్సు పెట్టినా ఆ సంఘాలకే కబురు. ఊరి గతిని మార్చగల కూడలిని వసూళ్ల కౌంటరు చేసి పెట్టాం. ఇది నాకు భరించరానిదిగా ఉంది.

కాబట్టి సదస్సులకు పెట్టే డబ్బు ఆపండి. సంఘం మీటింగులో లెక్కల పుస్తకం తెరవక ముందు అరగంట వాళ్లకే వదిలేయండి. ఏం మాట్లాడాలో పైనుంచి సర్క్యులర్ పంపొద్దు. అధికారి వస్తే చాప మీదే కూర్చోవాలి, అందరూ అయ్యాకే మాట్లాడాలి. వాళ్లు తీర్మానం రాసి పంపితే మండల ఆఫీసు నెలలోగా రాతపూర్వకంగా జవాబివ్వాలి, కాదంటే ఎందుకు కాదో కారణంతో సహా. ఆ తీర్మానం బడి పక్కనున్న బెల్టు షాపు ఎత్తేయమన్నా, ఆ షాపు సర్పంచి బావమరిదిదే అయినా ఆ జవాబు ఇవ్వాల్సిందే.