తెలిసిన జవాబు వదిలేసి వస్తున్నాడా?

మీ అబ్బాయికి పాఠాలు వచ్చు. పరీక్షలో మాత్రం చివరి రెండు ప్రశ్నలు మిగిలిపోతాయి. మీరు కోప్పడితే తర్వాతి పరీక్షనాడు కడుపునొప్పి అంటాడు. అది నటన అనుకోకండి. ఆందోళన పడితే పేగుల కదలిక నిజంగానే మారుతుంది.

వాడికి కావలసింది ఇంకో ట్యూషను కాదు, అలవాటు. ఆదివారం ఉదయం పాత ప్రశ్నపత్రమొకటి ఇచ్చి, గడియారం ఎదురుగా పెట్టి రాయనివ్వండి. ఆంధ్రప్రదేశ్ పదో తరగతి పరీక్షల్లో పేపరు చదువుకోవడానికే 15 నిమిషాలు ఇస్తారు. ఆ కాస్సేపట్లో బాగా వచ్చిన ప్రశ్నలేవో చూసుకుని, వాటితోనే మొదలుపెట్టమనండి. 8 మార్కుల ప్రశ్నకు పావుగంట దాటితే కొంత చోటు వదిలి ముందుకు సాగాలి.

మార్కులు మాత్రం మీరు వేయకండి. నాన్నగారు దిద్దితే అది ఇంకో పరీక్షే! ఎక్కడ ఆలస్యమైందో వాడినే చెప్పనివ్వండి. పరీక్ష నుంచి వచ్చాక "ఎన్ని వస్తాయిరా?" అనకుండా ముందు అన్నం పెట్టండి. నిద్ర, ఆకలి తగ్గి రెండు వారాలైనా, కడుపునొప్పి సెలవుల్లోనూ వస్తున్నా డాక్టరుకు చూపించండి.