విమానపు చార్జీలు - ప్రయాణికుల బేరము

మదనపల్లె, పుంగనూరు, కుప్పము వాసులు విమానమెక్కవలెనన్న బెంగుళూరికో రేణిగుంటకో పోవలయును. టిక్కెట్టు కొనుటకు ముందు వారు ఎయిరిండియా చార్జీని ఇతర కంపెనీల చార్జీలతో సరిచూచుచున్నారు. సామాను ఎంత కొనిపోనిత్తురు, వేళకు బయలుదేరుదురా యనియు విచారించుచున్నారు. ఇది స్వదేశాభిమానలోపమని కొందఱనుట అన్యాయము. 1932లో టాటాలు ప్రారంభించిన యీ సంస్థను ప్రభుత్వము 1953లో జాతీయము చేసెను. 2022 జనవరి 27న మరల టాటాలకే అప్పగించెను. వర్తకుని సరకును బేరమాడి కొనుట ద్రోహమెట్లగును? టమాటా మండీలో ధర కుదరనిదే బుట్ట కదలనీయని మదనపల్లెవారికి బేరము నేర్పవలసిన పనిలేదు.

అయితే బేరమునకు నాలుగంగళ్లుండవలదా? కింగ్‌ఫిషరు 2012లో, జెట్ ఎయిర్‌వేసు 2019లో నిలిచిపోయినవి. విస్తారా 2024లో ఎయిరిండియాలో కలిసినది. దేశములో విమానమెక్కువారిలో నూటికి 80 మందికి పైగా ఇండిగో, ఎయిరిండియాల పాలైరి. 2025 డిసెంబరులో ఇండిగో విమానములు వేలకొలది రద్దుకాగా, తక్కినవారి చార్జీలు మితిమీరినవి. 500 కిలోమీటర్లలోపు ప్రయాణమునకు, పన్నులు గాక, 7,500 రూపాయలకు మించి పుచ్చుకొనరాదని ప్రభుత్వము ఉత్తరువు చేయవలసివచ్చెను. ఆపద వచ్చిన పిదప గాక, ఇట్టి పరిమితిని ముందే శాసనమున చేర్చి, రేణిగుంటలో తెలుగున వ్రాయించి కట్టవలెనని కోరుచున్నాము.