స్నేహితురాలి మెహందీకి ఏ రంగు?

నికాహ్‌కు ముందు వధువు చుట్టూ చెలులు చేరి మెహందీ పెట్టుకోవడం మన ఇళ్లలో పాత ముచ్చటే. ముత్తుకూరు వంటి ఊళ్లలోనూ ఇప్పుడు దానికి ‘థీమ్’ తోడయింది. అందరికీ ఒకే రంగు కొత్త దుస్తులు, నెల్లూరు నుంచి అద్దె అలంకరణ, తలకింత చందా! ఆ చందా ఇచ్చుకోలేని చెలి తలనొప్పి అని చెప్పి ఇంట్లోనే ఉండిపోతుంది. వధువుకు అందరికన్నా ఆప్తురాలు ఆమే కావచ్చు.

సంతోషానికి అభ్యంతరం లేదు. ఒక అన్సారీ వరుని ఇంటికి వధువును పంపినప్పుడు, వినోదమేమీ లేదా అని దైవప్రవక్త (స) అడిగారు. హజ్రత్ ఆయిషా (రజి) వద్ద ఒక ముతక దుస్తు ఉండేది. మదీనాలో అలంకరించుకోదలచిన స్త్రీలు దానినే ఎరువడిగి తీసుకెళ్లేవారు. తర్వాతి కాలంలో, అయిదు దిర్హముల అలాంటి దుస్తును తన ఇంటి పరిచారిక సైతం తొడగనంటోందని ఆమె చెప్పినట్లు సహీహ్ బుఖారీలో ఉంది.

కనుక థీమ్ పచ్చరంగే కావాలంటే పెట్టెల్లోని పచ్చ దుపట్టాలు బయటికి తీయండి. సగం గోడకు, సగం భుజాలకు. గోరింటాకు పెరట్లోదే రుబ్బండి; కోన్‌కన్నా ఆలస్యంగా పండుతుంది, కబుర్లకు అంత సమయమూ కావాలి. ఒకరు సేమ్యా ఖీర్, మరొకరు దఫ్. ఫోన్లు మాత్రం గది బయటే. ఏమీ తేలేని చెలికి వధువు చేతికి మొదటి చుక్క పెట్టే పని ముందుగానే అప్పగించండి.