వేసవిలో కుక్కలకును పిల్లులకును పట్టు పురుగులు

కామునిపున్నమ వెళ్లినది మొదలు మా నర్సింహులపేటలో ఎండలు ముదురుచున్నవి. ఊరుగాయలకు కారము సిద్ధమైనదా, కుండలోని నీరు చల్లబడినదా యని మన మాలోచించు దినములలోనే, వాకిటి కుక్క చెవి గీకికొనుచు రాత్రియంతయు నిద్రింపక మూల్గుచుండును. పాపము, ఎండకు తాళలేకున్నదని యొక గిన్నెడు నీళ్లు పెట్టి యూరకుందుము. చెవిమడత విప్పి చూచినవారు మాత్రము ఆముదపు గింజలవలె నుబ్బిన పిడుదులు వరుసగా నంటియుండుట గాంచెదరు.

కర్ణుని తొడను తొలిచిన అలర్కమను పురుగు కథ సోదరీమణులు వినియేయుందురు. దానికి ఎనిమిది కాళ్లనియు, సూదులవంటి రోమములనియు సంస్కృత భారతము శాంతిపర్వమున నున్నది. పిడుదునకును ఎనిమిదే కాళ్లు. గ్రుడ్డునుండి వెలువడినపుడు మాత్రము ఆరు. గురువుగారి నిద్ర చెడునని కర్ణుడు తెలిసియే యోర్చుకొనెను. మన కుక్క నోరు లేక యోర్చుకొనుచున్నది.

పిడుదనుడు, గోమారి యనుడు, మన యిండ్లలో హెచ్చుగా గనబడునది గోధుమవన్నె గలది. దీనికి అడవి యక్కరలేదు. గోడపగుళ్లు, గడపసందులు, దూలముల మూలలు దీని కాపురము. రక్తము త్రాగి యుబ్బిన ఆడుపిడుదు కుక్కను విడిచి, గోడ ప్రాకి, పగులులో దూరి 1000 మొదలు 4000 వరకు గ్రుడ్లు పెట్టి చచ్చును. దాని పిల్లలు పుట్టినపుడొకమారు, నడిమి దశలో నొకమారు, పెద్దవైన పిదప నొకమారు కుక్కపై కెక్కి త్రాగి మరల దిగిపోవును. ఆహారము లేకున్నను నెలలకొలది బ్రతుకగలవు. కావున కుక్క యొడలిపై గనబడునవి కొన్నియే. తక్కినవి మనతోడనే కాపురమున్నవి. కుక్కకు మందు వేసి గోడను మరచినచో సగము పనియైనను జరుగలేదనుట నిజము.

2020లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక పెట్టెలో మనిషిని, వేరొక పెట్టెలో కుక్కను ఉంచి, నడుమ గొట్టములో ఈ జాతి పిడుదులను విడిచి చూచిరి. వేడిమి 23 డిగ్రీలనుండి 38 డిగ్రీలకు హెచ్చగానే, ఉష్ణదేశపు తెగకు జెందినవి కుక్కను వదలి మనిషివైపు మరలుట సుమారు రెండున్నర రెట్లు పెరిగెనట. మా యూర వైశాఖమాసమున 38 డిగ్రీలన్నచో చల్లని దినమే! పసిపిల్లలు కుక్క ప్రక్కనే చాపపై దొర్లు ఇండ్లలో ఈ సంగతి తలచుకొనవలయును.

పిడుదు కాటువలన ఎర్లీకియా, బెబీసియా యను సూక్ష్మజీవులు కుక్క నెత్తుటిలో జేరును. అన్నము ముట్టదు, జ్వరము వచ్చును, చిగుళ్లు పాలిపోవును, కొన్నిటికి ముక్కునుండి నెత్తురు కారును. దీనిని వడదెబ్బ యని మజ్జిగ పోసి యూరకుండరాదు. ఎర్లీకియాకు పశువైద్యులు డాక్సీసైక్లిన్ మందును ఇంచుమించు 28 దినములు వాడింతురు. నాలుగు దినములకే కుక్క తోక యాడించినదని మానివేయు వారున్నారు, అది పొరపాటు.

దినమునకొకమారు చెవులలోపల, వ్రేళ్లసందుల, మెడపట్టీ క్రింద, చంకలలో వ్రేళ్లతో తడిమి చూడుడు. పిడుదు దొరకినచో చిమటాతో చర్మమునకు ఆనించి పట్టి, మెలిపెట్టక, నిదానముగా నిట్టనిలువుగా లాగవలయును. గోటితో నలుపరాదు, సబ్బునీళ్లలో వేయుడు. అగ్గిపుల్లతో కాల్చుట, కిరసనాయిలు పోయుట కుక్కకే బాధ. మిరపకును ప్రత్తికిని కొట్టగా మిగిలిన మందును కుక్కకు పూయువారిని మేము చూచినాము. కుక్క యొడలు నాకికొనునని వారు తలపరు కాబోలు.

ఇక పిల్లిమాట. ఇది వ్రాయుటకు మాకు మనసొప్పుట లేదు, వ్రాయకుండుటయు న్యాయము కాదు. రెండేండ్ల క్రిందట కుక్కకు వాడగా మిగిలిన చుక్కలమందును, పారవేయనేలయని, మా పిల్లి మెడపై పోసితిమి. పిల్లులకు వాడరాదని పొట్లముపై సన్నని యక్షరములలో నుండెను. చదువు వచ్చియు మేము చదువలేదు. సాయంకాలమునకు దాని చెవులదరినవి, పిదప ఒడలంతయు వణకినది, రాత్రికి మూర్ఛలు వచ్చినవి. తెల్లవారి వైద్యునియొద్దకు గొనిపోవుచుండగా దారిలోనే పోయినది. మా చిన్నపిల్ల నేటికిని పాలగిన్నెను అటకపై పెట్టనీయదు.

ఆ మందు పెర్మెత్రిన్. చేమంతిజాతి పూవునుండి తీయు విషము పోలికను కల్పించినది. కుక్క దానిని తాళగలదు. పిల్లి కాలేయమునకు దానిని విరిచివేయు శక్తి చాలదు. మందు వేసిన కుక్కను ఆనుకొని పండుకొన్నను, దానిని నాకినను పిల్లికి ముప్పే. పొరపాటున తగిలినచో వెంటనే గోరువెచ్చని నీటితో, గిన్నెలు కడుగు సబ్బుతో కడిగి, తువ్వాలు చుట్టి, ఆ క్షణమే వైద్యునియొద్దకు పోవలయును. మేము తెల్లవారువరకు ఆగితిమి.

పిల్లులను హెచ్చుగా బాధించునది మిన్నల్లి. ఎగిరి దూకెడి చిన్న పురుగు. బొచ్చు దువ్వగా రాలిన నల్లని నలుసులను తడిగుడ్డపై నుంచినచో ఎఱ్ఱబారును. అది మిన్నల్లి విసర్జించిన నెత్తురే. ఆడుది దినమునకు 40 వరకు గ్రుడ్లు పెట్టును, అవి గోనెపట్టాలోనికి రాలును. గూళ్లలోని పిల్లలు నెలలకొలది కదలక యుండి, అడుగుచప్పుడు వినగనే బయటికి దూకును. వేసవి సెలవులకు పుట్టినింటికి పోయి, తిరిగివచ్చి తలుపు తీయగనే మడమలు కుట్టుటకు కారణమిదియే. మండుటెండలో ఇవి చచ్చును గాని, కుండలచెంత నీడలో బ్రతికి తొలకరికి విజృంభించును. పట్టాలను వేడినీటిలో నుడికించి యెండవేయుడు. మూలలు దినమును ఊడ్చుడు. గోడపగుళ్లు పూడ్చి సున్నము కొట్టింపుడు.

వేపాకుపొగను గూర్చి యడిగిన సోదరికి: పొగ దోమలకు కొంత పనిచేయవచ్చును, చర్మములో నాటుకొన్న పిడుదునకు కాదు. ఫిప్రోనిల్ చుక్కలును, నెలకో మూడు నెలలకో యొకమారు మ్రింగించు మాత్రలును నేడు దొరకుచున్నవి. కుక్కదానిని పిల్లికి వేయక, జంతువును తూచి, ఆ తూనికకు తగినది వైద్యుని యడిగి తీసికొనుడు. నులిపురుగుల సంగతి చోటు చాలనందున వచ్చు నెలకు ఉంచితిమి.