సత్రాల ఊరిలో ఒక గది

పలమనేరు ప్రాంతపు ముస్లిం కుటుంబాలకు పనికి బెంగుళూరు, జబ్బుకు వేలూరు. తిరుపతితో మాకు పని పడేది కాదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయే దాకా ఆ నగరం మా చిత్తూరు జిల్లాలోదే. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం లోపల చేరే దూరం. అయినా మా ఇంట మూడు తరాలలో ఒక్కరూ అక్కడ దిగిన వారు లేరు. ఎవరూ మమ్మల్ని రావద్దనలేదు. "అది దేవుడి ఊరు, మనకేం పని?" అనే మాట ఒకటి పెద్దల కాలం నుంచి ఇంట్లో ఉండేది. దానిని మేమూ ఏనాడూ ప్రశ్నించలేదు.

మా అమ్మాయి డిగ్రీ పూర్తి చేసి, బీసీ-ఈ కోటాలో ఆ నగరంలోని ఒక విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ సీటు తెచ్చుకొనడంతో మొదటిసారిగా ప్రయాణమయ్యాము. తల్లి, తండ్రి, బిడ్డ, ఒక ట్రంకు పెట్టె. మొగిలి ఘాటు దిగి, బంగారుపాళెం దాటి, చిత్తూరులో బస్సు మారాము. ఆ చిత్తూరు సమీపంలోనే నరసింగరాయనిపేట దండులో 1782 డిసెంబరు 7న హైదరలీ కన్నుమూశాడు. ఈ నేలతో మన అనుబంధం నిన్నటిది కాదని అమ్మాయికి చెబుతూ వెళ్ళాము. నిజానికి ఆ మాట మా ధైర్యం కోసమే చెప్పుకొన్నామేమో.

బస్సు దిగాక కొంతసేపు నోట మాట రాలేదు. తిరుపతి అంత సందడిగా ఉంటుందని మేము ఊహించలేదు. గుండు కొట్టించుకొని చందనం పూసుకొన్న పసివాళ్ళు, తమిళం, కన్నడం, మరాఠీ, హిందీ కలగలిసిన అరుపులు, కొండకు వెళ్ళే బస్సుల వరుస, రైల్వేస్టేషను ముందు దుప్పటి పరచుకొని నిద్రపోతున్న కుటుంబాలు, అర్ధరాత్రి దాటినా ఆరని టీ కొట్ల పొయ్యిలు. రోజూ 60 వేలకు పైగా జనం కొండెక్కి దిగే చోటు అది. తెలియని మనిషిని చూసి ఆ వీధులలో ఎవరూ ఆశ్చర్యపోరు. అందరూ తెలియని వారే! సలాం చెప్పి మా ట్రంకు అందుకొన్న ఆటో సోదరుడు దక్కనీ ఉర్దూలోనే మాట్లాడాడు. గోవిందరాజస్వామి గోపురం చూపించాడు, మసీదు చూపించాడు, మన భోజనం దొరికే హోటలు చూపించాడు. జొహర్ నమాజు చదువుకొని బయటికి వచ్చేసరికి, ఇన్నేళ్ళు ఈ ఊరికి ఎందుకు భయపడ్డామా అని మాకే సిగ్గు వేసింది. మా బిడ్డ అయితే ఆ రద్దీని చూసి నవ్వుతూనే ఉంది.

ఆ సంతోషం సాయంకాలం వరకే నిలిచింది.

హాస్టలులో చోటు తేలడానికి కొన్ని వారాలు పడుతుందన్నారు. అంత వరకు ఒక గది కావాలి. "అద్దెకు ఇవ్వబడును" అన్న పలకలు ఉన్న ఇళ్ళు నాలుగు తిరిగాము. మొదటి ఇంటివారు ఫోనులో రమ్మన్నారు. గుమ్మంలో అమ్మాయి తలమీది స్కార్ఫు చూశాక, తమ బంధువులు వస్తున్నారన్న సంగతి వారికి గుర్తుకు వచ్చింది. రెండో చోట "మీరేమిటోళ్ళు?" అని నేరుగానే అడిగారు. ఆ సూటిదనం మాకు మేలనిపించింది. మూడో ఇంటివారు మాంసం వండరాదన్నారు, వండబోమన్నాము. అయినా ఆలోచించి చెబుతామన్నారు. నాలుగో ఇంటి పెద్దాయన ఎంతో మర్యాదస్థుడు. కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, "బీబీ నాంచారమ్మ మీ ఆడబిడ్డే కదా, ఆ లెక్కన స్వామి మీకు అల్లుడు" అని ప్రేమగా నవ్వాడు. గది మాత్రం ఇవ్వలేదు.

ఆ మజ్జిగ మాకు ఇప్పటికీ గుర్తుంది. ఉగాది నాడు దేవుని కడప ఆలయానికి ఆ అల్లుడి వరస తోనే ముస్లింలు వెళ్ళే ఆనవాయితీ రాయలసీమలో అందరికీ తెలిసినదే. తిరుమల ఆలయంలో అష్టదళ పాదపద్మారాధనకు వాడే 108 బంగారు పద్మాలను 1984లో సమర్పించినది గుంటూరుకు చెందిన ఒక ముస్లిం. మన విశ్వాసం ప్రకారం వీటిని అంగీకరించని వారు మనలో ఎందరో ఉన్నారు, మేమూ వారిలోనే ఉన్నాము. అయినా ఇరుగుపొరుగు ప్రేమతో చెప్పుకొనే కథను చిన్నబుచ్చడం మా ఉద్దేశం కాదు. మేము అనేది ఒక్కటే. అల్లుడి వరస కలిస్తేనే గది దొరికేటట్లయితే, ఆ వరస ఒప్పుకొనని పౌరుడు ఎక్కడ పడుకోవాలి? అద్దె కట్టగలిగి, చదువుకొనడానికి వచ్చిన ఆడపిల్లకు ఆ అర్హత చాలదా? కొండమీది ఆలయ నియమాల జోలికి మేము పోవడం లేదు. కొండ కింద ఉన్న ఊరిలో ఆసుపత్రి, విశ్వవిద్యాలయం, బస్సు, బజారు అందరి పన్నులతో, అందరి కష్టంతో నడుస్తున్నవి.

చట్టం మాటకు వస్తే అక్కడా తలుపు సగమే తెరిచి ఉంది. రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాలలో, హోటళ్ళలో మతాన్ని బట్టి ఎవరినీ అడ్డగించరాదంటుంది. ఇంటి అద్దె ఊసు అందులో లేదు. ఒక మతస్థుల సహకార గృహ సంఘం తన సభ్యత్వాన్ని ఆ మతస్థులకే పరిమితం చేసుకోవచ్చని 2005లో జొరాస్ట్రియన్ సొసైటీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ముస్లింలకు ఇళ్ళు అద్దెకు దొరకని బాధను 2006లో సచార్ కమిటీ నమోదు చేసి, సమాన అవకాశాల కమిషన్ కావాలన్నది. 2008లో మాధవ మీనన్ బృందం దానికి బిల్లు ముసాయిదా కూడా రాసి ఇచ్చింది. 2014లో కుందూ కమిటీ వివక్ష నిరోధక చట్టమే తేవాలన్నది. కమిటీలకు కొదవ లేదు, చట్టం మాత్రం రాలేదు. 2007 చట్టం ఇచ్చిన 4 శాతం రిజర్వేషను 2010 మార్చి నాటి సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు మీద నిలబడి మన పిల్లలను కళాశాల గేటు దాకా తెస్తున్నది. రాత్రికి తల దాచుకొనే చోటు దాని చేతిలో లేదు.

ఇక మన సంగతి. తిరుపతి సత్రాల ఊరు. ఏ కులంవారు చూసినా, ఏ రాష్ట్రంవారు చూసినా తమ వారి కోసం ఒక సత్రమో మఠమో కట్టుకొన్నారు. ఆ బోర్డులు చదువుతూ నడుస్తుంటే మాకు అసూయ కలిగిన మాట దాచము. 1918లో హైదరాబాదులో రెడ్డి హాస్టలు పెట్టిన వారు పల్లెల నుంచి వచ్చే తమ పిల్లలకు నగరంలో చోటు ఉండదని ముందే గ్రహించారు. ముసాఫిర్‌ఖానా అనే మాట మనదే కదా! పలమనేరులో, పుంగనూరులో, మదనపల్లెలో మనవారు మసీదుల మినార్లకు, పాలరాతికి చందాలు ఇచ్చారు, ఇస్తున్నారు, అల్లాహ్ స్వీకరించుగాక. చదువుకొనే ఆడపిల్లల కోసం తిరుపతిలో ఇరవై మంచాల వసతి గృహం కట్టుదామని ఒక్క జుమా నాడు కూడా మేము లేచి అడగలేదు. మైనారిటీ సంక్షేమ శాఖనూ, వక్ఫ్ బోర్డునూ ఇకమీదట వదలకుండా అడగాలి. అంత వరకు ఒక ఇల్లు అద్దెకు తీసుకొని నడిపే శక్తి మన మూడు పట్టణాల వ్యాపారులకు లేకపోలేదు.

చీకటి పడ్డాక అయిదో ఇంట్లో మాకు గది దొరికింది. ఆమె పదవీ విరమణ చేసిన టీచరమ్మ. మా పేర్లు విన్నారు, మా వాలకం చూశారు. "రాత్రి ఎన్ని గంటలకు వస్తావమ్మా? ఏడు దాటితే ఫోను చెయ్యాల" అన్నారు, తాళం చేతికిచ్చారు. మా బిడ్డ ఇప్పుడు అక్కడే ఉంటున్నది. హాస్టలు వచ్చినా ఆవిడను వదిలి పోనంటున్నది.

ఆ రోజు సీటు కాగితాల వరుసలో మా ముందు నిలబడిన ఒక తండ్రి ఉన్నాడు. పీలేరు వైపు పల్లె, పాత ఇనుము వ్యాపారం. ఆయన కూతురికీ సీటు వచ్చింది. వారూ మాలాగే ఇళ్ళు తిరిగి, రాత్రి బస్సుకు వెనక్కి వెళ్ళిపోయారు. టీచరమ్మ మేడమీద ఇంకొక గది ఖాళీగా ఉందని తెలిసి, మరునాడు ఉదయమే ఆయనకు ఫోను చేశాము. "వద్దులే భాయ్, పిల్లకు సంబంధం ఒకటి వచ్చింది" అన్నాడు. అమ్మాయికి ఒకసారి ఫోను ఇవ్వమని అడిగాము. వంటింట్లో ఉందన్నాడు.